శ్యామ్‌ను ఒళ్లోకి తీసుకున్న మధ్యాహ్నం

హఫీజ్‌పేట్,
హైదరాబాదు.

శ్రీవారికి,

నమస్కారాలు. క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, ముగ్గురం వేళకు ఇంత అన్నం తింటున్నాం. మీ కాలి ఎముక అతుక్కుంటోందనీ, వదినగారు మిమ్మల్ని మంచం దిగనివ్వడం లేదనీ తెలిసి కాస్త కుదుటపడ్డాను. ఆవిడ మాట వినండి.

ఉత్తరం అందింది. ఫోనులో అడగలేనివన్నీ పడుకునే రాసినట్టున్నారు, అక్షరాలు పైకి ఎక్కిపోతున్నాయి. నేనూ రాస్తేనే నయం. ఈ ఫ్లాటులో ఒక గదిలో మాట్లాడితే రెండో గదికి వినిపిస్తుంది.

అల్లుడు ఎలా ఉన్నాడని అడిగారు. ఆదర్శ్ సోమవారం గచ్చిబౌలి ఆఫీసుకని బయల్దేరి, బస్సు ఎక్కకుండానే తిరిగొచ్చి, బూట్లు విప్పకుండా గుమ్మంలో కూర్చున్నాడు. "ఆఫీసులో అందరూ స్వీట్లేవని అడుగుతారు అత్తయ్యా" అన్నాడు. కాఫీ ఇచ్చి పక్కన కూర్చున్నాను. మర్నాడు వెళ్లాడు.

బాబుకు పేరు పెట్టారా అన్నారు. పెట్టాం, శ్యామ్. నెలలు నిండకుండా పుట్టినవాడికి బారసాల దాకా ఆగే తీరికెక్కడిది? పసిపిల్లల ఐసీయూలో పద్మావతి అనే డాక్టరమ్మ "బాబును ఏమని పిలవమంటారు?" అంటే మన రసజ్ఞ అప్పటికప్పుడు చెప్పింది. ఆ తర్వాత అక్కడ అందరూ వాణ్ణి పేరు పెట్టే పిలిచారు.

ఇక మీ అసలు ప్రశ్నలు. ఇంకొన్నాళ్లు వెంటిలేటర్ మీద ఉంచితే బతికేవాడేమో అన్నారు. అమ్మాయి నా ఫోను ఎందుకు ఎత్తదన్నారు. రెండింటికీ జవాబు ఒకటే.

గుండె దానంతటదే ఆగిపోయిందని మీతో చెప్పాను. అది పూర్తి నిజం కాదు. వాడి తలలో రక్తం చిమ్మింది. రెండోసారి స్కాన్ తీశాక, బయటి డాక్టర్లు కూడా వచ్చి చూశాక, డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టింది. "మిషను ఊపిరి పోస్తూనే ఉంటుందండీ, కానీ శ్యామ్ కోలుకోడు. ఇకమీదట నొప్పి లేకుండా చూడడమే మనం చేయగల వైద్యం. మీరు సరేనంటే గొట్టం తీసి శ్యామ్‌ను మీ చేతికిస్తాం. తొందరేం లేదు, ఆలోచించుకోండి" అంది.

రసజ్ఞ నా వైపు తిరిగి, "నువ్వైతే ఏం చేస్తావమ్మా?" అంది. అక్కడ మీరు మంచంలోంచే మృత్యుంజయ జపం చేస్తున్నారని నాకు తెలుసు. అయినా నోరు విప్పాను. "వాడు అలిసిపోయాడే తల్లీ. ఒళ్లోకి తీసుకో" అన్నాను.

మధ్యాహ్నం తెర లాగి కుర్చీ వేశారు. నర్సు లావణ్య వాడి బుగ్గల మీది ప్లాస్టర్లు నూనెతో తడిపి ఒక్కొక్కటే ఊడదీసింది. డాక్టరమ్మ గొట్టం తీసి వాణ్ణి రసజ్ఞ ఒళ్లో పెట్టింది. వాడి ముఖం మేం పూర్తిగా చూడడం అదే మొదలు. "జర తల కింద చెయ్యి పెట్టు అక్కా. ఫికర్ చెయ్యకు, నొప్పి తెల్వకుండ మందిచ్చినం" అంది లావణ్య.

"వీడికి నా పాలు కూడా లేవు" అని రసజ్ఞ ఏడ్చింది.

"తాగకున్నా రుచి జూస్తడు" అంటూ లావణ్య, రసజ్ఞ పిండి ఇచ్చిన పాలలో దూది ముంచి అందించింది. పెదవులకు తాకించగానే వాడు నాలుక కదిపాడండీ. కళ్లారా చూశాను. వాళ్ల నాన్న వేలు పట్టుకుని, అమ్మ గుండెల మీదే ఉన్నాడు. ఊపిరి సన్నగిల్లి, సన్నగిల్లి, ఆగిపోయింది. ఎవరూ వాణ్ణి లాక్కుపోలేదు. "ఎంతసేపైనా ఉంచుకోండ్రి" అని ఆ పిల్ల మా పక్కనే నిలబడింది.

క్షమించమని అడగడం లేదు. మళ్లీ అడిగినా అదే మాట చెబుతాను. కోపం వస్తే నా మీద చూపించండి, పడతాను. కానీ మీ ఫోను మోగినప్పుడల్లా అమ్మాయి దాని వైపు చూస్తూ, "అక్కడ నాన్న జపం చేస్తుంటే ఇక్కడ నేను చంపేశానమ్మా" అంటోంది. నా మాటలు దాని చెవికెక్కడం లేదు.

ఆదివారం పొద్దున ఫోను చేయండి. నేను ఎత్తి దాని చెవి దగ్గర పెడతాను. ఎందుకిలా చేశారని అడగకండి. ఊరుకోమనీ, మళ్లీ పుడతాడనీ కూడా అనకండి, అవన్నీ జనం చెప్పేశారు. మనవడు పుట్టాడనగానే ఏ తాతైనా మొదట అడిగే మాట ఒకటుంటుంది కదా, ఎవరి పోలిక అని. ఆ మాట దాన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మీరడగండి.

జవాబు నాకు తెలుసు. నేను రాయను. దాన్నే చెప్పనివ్వండి.

ఇట్లు,
శ్యామ్ అమ్మమ్మ,
అమ్మణ్ణి