నువ్వడిగిన ఆ మహాతల్లి

ఢిల్లీ కంటోన్మెంట్,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మకు, ప్రభువు పేరట వందనాలు. ఆయన దయవల్ల ఇక్కడ ముగ్గురం బాగున్నాం. అక్కడ నాన్న మోకాలు, నీ బీపీ రెండూ చెప్పినమాట వింటున్నాయనుకుంటాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటే అంటావు. నువ్వు ఫోన్ ఎత్తగానే స్పీకర్ పెడతావు. పక్కన ధనమ్మ పిన్ని కూర్చునే ఉంటుంది. ఈ సంగతి ముందు నువ్వు ఒక్కదానివే వినాలి. తలుపు వేసుకుని చదువు.

ఎండురొయ్యల పార్సెల్ అందింది. పోస్ట్‌మన్ దాన్ని చెయ్యి బారచాపి పట్టుకొచ్చి, "మేడమ్‌జీ, ఇస్‌మే కౌన్ మర్ గయా?" అన్నాడు, ఇందులో ఎవరు చచ్చారని. నీ ఉత్తరం కూడా అందులోనే పెట్టావు, ఇప్పటికీ అదే వాసన. నీ అల్లుడికి మాత్రం పండగే. నేహాకి తెలుగు ఎంతవరకొచ్చిందని అడిగావు. చదువుతుంది, జవాబు మాత్రం హిందీలో చెబుతుంది. అమ్మమ్మకి ఏం రాయమంటావే అంటే "లిఖ్ దో, ఐ మిస్ హర్" అంది. రాశాను.

ఇక నీ మూడో ప్రశ్న. "మన సాయి మీద పోలీసులకు చెప్పిన ఆ మహాతల్లి ఎవరో కనుక్కుని రాయి, దానికి పుట్టగతులుండవు" అని కింద గీత కొట్టి మరీ రాశావు. చెబుతాను. ముందు జరిగింది విను.

ధనమ్మ పిన్ని కొడుకు సాయిప్రకాష్ కోచింగ్ కోసం ఇక్కడ లక్ష్మీ నగర్‌కి వచ్చినప్పుడు, "మన పిల్లాడే, కాస్త కనిపెట్టుకుని ఉండు" అన్నావు. ఉన్నాను. ఆదివారం ఆరాధన కాగానే మా ఇంట్లోనే అతని భోజనం. పాటలు బాగా పాడతాడని మన తెలుగు సంఘంలో యూత్ లీడర్‌ని చేశారు. పిల్లలు "భయ్యా, భయ్యా" అని వెంటపడేవాళ్ళు. మా ఊరి కుర్రాడని నేనే అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. హాలు పక్క చిన్న గదిలో ఒక్కొక్కరికీ విడిగా కీబోర్డ్ నేర్పేవాడు. లోపల గడియ పెట్టుకునేవాడు. శబ్దం బయటికి రాకూడదని కాబోలు అనుకున్నాం. అంతమంది పెద్దవాళ్ళం, ఒక్కరికీ అనుమానం రాలేదమ్మా!

నా సండేస్కూల్ క్లాసులో ఒక పాప ఉంది. పేరు రాయను. నీకే కాదు, ఎవరికీ చెప్పకూడదు. వసపిట్టలా వాగేది, ఉన్నట్టుండి నోరు కట్టేసుకుంది. ఒక ఆదివారం అందరూ టీ దగ్గరికి వెళ్ళాక నా చున్నీ పట్టుకుని, "ఆంటీ, కీబోర్డ్ క్లాస్‌కి నహీఁ గయీ తో జీసస్ నారాజ్ హోంగే క్యా? భయ్యా బోల్తే హైఁ" అంది. వెళ్ళకపోతే యేసయ్యకి కోపం వస్తుందని సాయి చెప్పాడట! అక్కడ జరిగింది ఇంట్లో చెప్పడం కూడా పాపమేనట. గుచ్చి గుచ్చి అడగలేదు. "చెప్పడం పాపం కాదు తల్లీ, నీమీద ఎవరికీ కోపం రాదు" అని మాత్రం అన్నాను. వాళ్ళమ్మను పక్కకు పిలిచి ఆ మాట చెవిన వేసి, నేరుగా పాస్టర్ గారి దగ్గరికి వెళ్ళాను.

ఆయన మంచివారే, కానీ బెదిరిపోయారు. "ఉపవాస ప్రార్థన పెడదాం. అబ్బాయిని పెద్దల ముందు కూర్చోబెట్టి మందలిద్దాం. సంఘం పేరు బజారున పడుతుందమ్మా" అన్నారు. తలనొప్పి నుంచి తగాదాల దాకా మనవాళ్ళకు ఒకటే మందు కదా! "ప్రార్థన మీరు చెయ్యండి అయ్యగారూ, ఫోన్ నేను చేస్తాను" అని వచ్చేశాను.

అవునమ్మా. ఆ మహాతల్లిని నేనే. పిల్లల హెల్ప్‌లైన్‌కి నేనే చేశాను, నా పేరు చెప్పే చేశాను.

నీ అల్లుడు మొదట తటపటాయించారు. "మీ అమ్మ పంపిన కుర్రాడు సునందా, ఒకవేళ మన పొరపాటైతే?" అన్నారు. పొరపాటైతే వాళ్ళే తేలుస్తారు, నిజమైతే ఆ పాప ఏమైపోవాలి అన్నాను. వెంటనే నేహాని పార్కుకి తీసుకెళ్ళారు, నేను నిమ్మళంగా మాట్లాడుకోవాలని.

ఎంత భయపడ్డానో! ఖాకీ బట్టలొచ్చి పిల్లను నిలదీస్తాయనుకున్నాను. అదేం లేదు. ఒక లేడీ ఆఫీసర్ మామూలు చుడీదార్లో ఆ పాప ఇంటికే వెళ్ళింది. తల్లి పక్కన ఉండగానే పాప అంతా చెప్పింది. అది విని ఇంకో ఇంటివాళ్ళూ నోరు విప్పారు. సాయి మీద కేసు కట్టారు, ఏది ఎంతో ఇక కోర్టు తేలుస్తుంది. మన నేహాని కూడా మెల్లగా అడిగాం. దానికేమీ కాలేదు, కంగారుపడకు. ఆరోజు ఎన్నాళ్ళకో కంటినిండా నిద్రపోయాను.

పాస్టర్ గారు మొన్న ఇంటికొచ్చారు. "సంఘం పేరు చూసుకున్నానమ్మా, పిల్ల మొహం చూడలేదు" అని కళ్ళు తుడుచుకున్నారు. ఈ ఉదయం ఆయనే స్క్రూడ్రైవర్ పట్టుకుని ఆ గది గడియ ఊడదీశారు. పాప కూడా వచ్చింది. రెండు సమోసాలు తిని, మూడోదాని కోసం తమ్ముడితో జుట్లుజుట్లు పట్టుకుంది. చూసి నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఇంకొక్కటి, ఇన్నేళ్ళూ నీకు చెప్పనిది. ఆరో తరగతిలో లెక్కల ట్యూషన్‌కి ఇక వెళ్ళనన్నాను, గుర్తుందా? నువ్వు ఎందుకని అడగలేదు. నా మొహం చూశావు, సంచి తీసి మేకుకి తగిలించి, "రేపట్నుంచి నేనే చెప్తాలే" అన్నావు. నీకు ఎక్కాలే సరిగా రావు! నువ్వు అనుకున్నది నిజమే అమ్మా. ఒక్క మాట అడగకుండా నన్ను నమ్మావు. ఆ పాపను నమ్మడం నాకు అక్కడే వచ్చింది. కానీ మర్నాడు సాయంత్రం ఎదురింటి ఇంద్రజ సంచి వేసుకుని ఆ ట్యూషన్‌కే వెళ్ళింది. మన గుమ్మంలోంచి ఇద్దరం చూశాం. నిన్ను తప్పుపట్టడం లేదు. ఆ రోజుల్లో ఎవరికి చెప్పాలో నీకు మాత్రం ఎవరు చెప్పారు? ఈసారి మాత్రం గుమ్మంలో నిలబడి చూడలేకపోయాను.

ధనమ్మ పిన్నిని తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. కన్నతల్లి, ఆమె చేసిన తప్పేముంది? చాటున ఎవరెవరినో తిట్టుకునే కన్నా నా నోటి నుంచే వినడం న్యాయం. నీకు కోపమొస్తే తిట్టు, పడతాను. ఆ తర్వాత ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్ చెయ్యి. స్పీకర్ పెట్టు.

ఇట్లు,
నువ్వు నమ్మిన నీ పెద్దకూతురు,
సునంద