కమాను కింద మీ ఆయన

తాగుస్ నది ఒడ్డు, వంతెన పని దగ్గర నుంచి

రుఫిల్లా,

ముందు అసలు మాట చెప్పేస్తాను: మీ ఆయన బతికే ఉన్నాడు. ఇక కూర్చుని చదువు.

నిన్న మొదటి కమాను కింద నుంచి, రాళ్లను ఇన్నాళ్లూ మోసిన కొయ్య చట్రం దించాం. ఆనవాయితీ నీకు తెలుసుగా, చట్రం తీసేటప్పుడు కమాను కట్టిన మేస్త్రీ దాని కిందే నిలబడాలి. మెటియస్ నిలబడ్డాడు. చట్రం కింది చీలలు కొట్టి వదులు చేసే వడ్రంగిని నేను. రెండు వైపులా సమానంగా వదులు చెయ్యాలి, లేకపోతే కమాను ఒరిగి కూలిపోతుంది. ముప్పై ఏళ్లుగా అలాగే చేస్తూ వచ్చాను. నిన్న కింద ఉన్నది మీ ఆయన కావడంతో కంగారుపడి, కుడివైపే నాలుగు దెబ్బలు వేసేశాను.

కమాను మూలిగింది. రాళ్లు మూలగడం నేనెన్నడూ వినలేదు. అందరూ పరుగో పరుగు. నేను సుత్తి పట్టుకుని కొయ్యబారిపోయాను.

"బావా, ఎడమవైపు కొట్టు! నాకు పెళ్లాం ఉంది, అది నీ చెల్లెలే!" అని కింద నుంచి కేక.

కొట్టాను. కమాను వేలి మందం దిగి, ఆగింది.

మెటియస్ దుమ్ములో మునిగి, జుట్టంతా తెల్లబడి, మన తాతలా బయటికొచ్చాడు. అధికారి అడిగితే "రాళ్లు సర్దుకున్నాయండీ, అంతే" అన్నాడు. నిజం చెబితే నా వీపు చిట్లేది. తప్పు నాదని నీకైనా చెప్పాలని రాస్తున్నాను.

పౌర్ణమికి రెండో కమాను. వేరే వడ్రంగిని పెట్టుకోమని బతిమాలాను. "నువ్వు కొడితేనే నిలబడతాను బావా. ఆ తప్పు మళ్లీ చెయ్యవని నేను నమ్మేది నిన్నొక్కణ్ణే" అన్నాడు.

రుఫిల్లా, నువ్వైనా వద్దని రాయి. నా మాట వినడం లేదు.

నీ అన్న