నేను చేసినవాటికే నా పేరు

చిక్కడపల్లి,
ఆదివారం.

చెల్లి సులోచనకు అన్న ఆశీస్సులు. మేము క్షేమం.

దసరాకు దుకాణం మూసేస్తున్న మాట నిజమే. కొత్త మాండలిన్ చెక్కే బలం చేతుల్లో లేదు. కానీ నా పేరు కూడా అమ్ముకున్నానని ఎవరో నీకు చెప్పారట, అది అబద్ధం. నారాయణగూడ నుంచి ఒక వాద్యాల వ్యాపారి వచ్చి, ఫ్యాక్టరీ మాండలిన్ల మీద నా పేరు వేసుకుంటానన్నాడు.

"ఎట్లాగూ బంద్ జేస్తున్నరు గద, ఆ ముద్ర మాకియ్యుండ్రి. మీ పేరు నిలుస్తది."

"నేను జెయ్యనిదాని మీద నా పేరెందుకయ్యా?"

"కొనేటోళ్లకేం ఎరుక?" అని నవ్వాడు.

ఒళ్లు మండింది. చెక్క మీద నా పేరు కాల్చి వేసే ఆ ఇనుప ముద్రను, అక్షరాలు చదునయ్యేదాకా అతని ముందే సుత్తితో కొట్టాను. మీ వదిన నన్ను ఆపలేదు. అతనికి చాయ్ కూడా ఇవ్వలేదు.

బావకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఈసారి వచ్చేటప్పుడు జొన్నపిండి తీసుకురా, ఇక్కడిది రొట్టెకు సాగడం లేదు. నీ పెళ్లికి నేను చేసిన మాండలిన్ పలకడం లేదన్నావు, దాన్నీ తీసుకురా. మరమ్మతు చేసే సత్తువ ఇంకా ఉంది. నువ్వు దుకాణంలో కూర్చుని వాయిస్తే విన్నాకే తాళం వేస్తాను.

పిల్లలకు దీవెనలు.

మీ అన్న
జగదీశ్వర్