నూట అరవై కిలోలు

సాయన్నా,

ఈ పొద్దున ఉధ్నా జిమ్‌లో నూట అరవై కిలోల బార్ భుజాల మీద పెట్టుకుని స్క్వాట్ చేశాను. పూర్తిగా కిందికి కూర్చుని, ఎవరి సాయం లేకుండా లేచాను. బరువులెత్తే పోటీలోపు నా కాళ్లు ఆ బరువు మోయాలని పట్టుబట్టింది నువ్వే. మోశాయి.

నేను లేవలేకపోతే పట్టుకోవడానికి, నీ చోట నా వెనక మన రూములో ఉండే లచ్చన్న నిలబడ్డాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే అతను ఏడ్చాడు. ఏమైందని అడిగాను.

“సాయన్న గుండె కరోనాతోని ఖరాబైందిరా. బరువు ముట్టొద్దని డాక్టరు చెప్పిండు. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నడు.”

“ఎందుకు?”

“నువ్వు పోటీ ఇడిసిపెడ్తవని.”

నేను లేవలేకపోయిన ప్రతిసారీ వెనక నుంచి నన్ను బార్‌తో సహా లేపావు. నీకు ఆయాసం వస్తుంటే అడిగాను కూడా. “మాస్కు పెట్టుకున్నగదరా, గందుకే” అని నవ్వావు. నమ్మాను. మగ్గం దగ్గర కూలిపోయి, ఆసుపత్రికి చేరేలోపే నువ్వు పోయిన రోజు కూడా, పొద్దున మనం కాళ్ల కసరత్తు చేశాకే పనికి వెళ్లాం.

తెలిసి ఉంటే పోటీ మానేసేవాణ్నే. అది నేను తేల్చుకోవలసిన మాట. నన్ను అడగనే లేదు. నీ ప్రాణం మీదికి తెచ్చే పని, నాకు తెలియకుండా నా చేతే చేయించావు.

ఆదివారం పోటీ. వెళ్తాను. గెలిస్తే స్టేజి మీద నీ పేరు చెప్పమంటున్నాడు లచ్చన్న. చెప్పనన్నాను. నీ మీద కోపం ఇంకా పోలేదన్నా.