శుక్రవారం ఫోటోలు

బండారులంక,
ఆదివారం.

తులసికి, రమణ ఆశీస్సులతో రాస్తున్నది.

ఇక్కడ అమ్మ, హేమ, నేను బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ బాగానే ఉన్నావని రాయాలి. కానీ ఈసారి ఆ ముక్క రాయడానికి మనసు రావడం లేదు. ఫోన్‌లో అడిగితే నువ్వు మాట మార్చేస్తావు. అందుకే ఎల్లుండి కువైట్ తిరిగెళ్తున్న దానియేలు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

ముందు నువ్వు వాయిస్ మెసేజ్‌లో అడిగినవాటికి జవాబులు. హేమకి ఇంటర్లో సీటు అమలాపురంలోనే వచ్చింది. రోజూ బస్సులో వెళ్లొస్తానంటోంది. అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది, మందు మాత్రం వేసుకోదు. మగ్గాల షెడ్డు మీద చిల్లుపడ్డ రేకు మార్పించాను. కెమెరా బాగా పనిచేస్తోందా అని అడిగావు. పనిచేస్తోంది. అవసరమైనదానికంటే ఎక్కువే పనిచేసింది.

నువ్వు ఆ డిజిటల్ కెమెరా పంపినప్పుడు నాకు దాని మూత తీయడం కూడా తెలియదు. మన చీరలు ఫోన్‌లో పెట్టి అమ్మే జ్యోతిర్మయిగారు ఫోటోలు తీసిపెట్టమన్నారు కదా అని మొదలుపెట్టాను. మొదటిసారి తీసినవి చూసి ఆవిడ, "రమణగారూ, ఇది చీరా అండీ, దుప్పటా అండీ? అంచేదండీ?" అన్నారు. రెండోసారి అంచు వచ్చింది గానీ రంగు పోయింది. చిలకాకుపచ్చ చీర ట్యూబులైటు కింద తీస్తే నీలంగా పడింది. కొన్నావిడ తిప్పి పంపేసింది. "ఆవిడ తప్పేం లేదండి. నేను చూసినా వేరే చీర పంపేరనే అనుకుంటాను" అన్నారు జ్యోతిర్మయిగారు.

నాకు పౌరుషం వచ్చింది. అదే చీరని పెరట్లో తీగ మీద వేసి పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం తీశాను. హేమ చేత ల్యాప్‌టాప్‌లో పక్కపక్కన పెట్టించి చూస్తే ఒక్క చీరే మూడు చీరల్లా ఉంది. ఎండ ఏ వైపు నుంచి వస్తోందో, నీడ ఎంత పొడుగుందో, అది ఏ వేళో ఫోటోయే చెప్పేస్తోంది. చివరికి కిటికీ పక్కన చీర పరిచి, రెండో వైపు నుంచి వెలుతురు తిరిగి చీర మీద పడేలా తెల్ల పంచె పట్టించి తీస్తే రంగు రంగులా వచ్చింది. "ఆయ్, ఇదండీ చీరంటే" అన్నారావిడ. అప్పటి నుంచి ఏ ఫోటో చూసినా ముందు మనిషిని చూడను, వెలుతురు చూస్తాను. ఆ అలవాటే నా కొంప ముంచింది.

నువ్వు ప్రతి శుక్రవారం, సెలవు రోజున, ఒక ఫోటో పంపుతావు కదా. రంజాన్ అయిన దగ్గర్నుంచి వీడియోలో కనపడడం మానేసి ఆ ఫోటోలతోనే సరిపెడుతున్నావు. వీడియోకి నువ్వు పనిచేసే ఇంట్లో ఒప్పుకోరన్నావు. అంతకుముందు ఒప్పుకున్నవాళ్లు ఇప్పుడెందుకు ఒప్పుకోరని అప్పుడే అనిపించింది. ఒకరోజు అవన్నీ ల్యాప్‌టాప్‌లో వరసగా పెట్టాను. ఒకదాంట్లో పసుపు చీర, ఇంకోదాంట్లో గళ్ల చుడీదారు, మరోదాంట్లో నేను నేసిన మెరూన్ చీర. బట్టలు వేరు. కానీ గోడ మీద ఎండ మరక అన్నిటిలోనూ ఒకే చోట, ఒకే వంకరతో ఉంది. నీ వెనక బల్ల మీద సగం తాగిన టీ గ్లాసు ఎక్కడిదక్కడే ఉంది. అన్ని వారాలూ ఎండా, టీ గ్లాసూ కదలకుండా ఉంటాయా తులసీ?

పెద్దది చేసి చూశాను. నీ కుడి చెయ్యి ఒక్కదాంట్లోనూ లేదు. ఒకసారి కొంగు కింద, ఒకసారి వీపు వెనక. పక్కనున్న కిటికీ అద్దంలో ఫోటో తీస్తున్న మనిషి నీడ పడింది. పొడుగైన మనిషి, వెడల్పాటి భుజాలు.

రాయకుండా దాచుకుందామనుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఆ నీడ మగవాడిదనుకున్నాను. అన్ని ఫోటోలూ ఒక్కరోజే తీయించుకుని వారానికొకటి పంపుతూ, మిగతా రోజులు ఎక్కడ, ఎవరితో ఉంటున్నావో అనుకున్నాను. ఆ వారమంతా నీ ఫోన్లు కావాలనే ఎత్తలేదు. సిగ్నల్ లేదన్నది అబద్ధం. "అమ్మ ఫోటో పంపిందా నాన్నా?" అని హేమ అడిగితే, లేదని చెప్పి ఫోన్ జేబులో పెట్టుకున్నాను. మగ్గం మీద కూర్చుంటే పోగులు తెగిపోయేవి.

దానియేలు సెలవు మీద రాజోలు వచ్చాడని విని వెళ్లాను. అతని అక్క రూతు అక్కడ నీకు స్నేహితురాలు కదా, ఏదైనా తెలిసి ఉంటుందనుకున్నాను. ఫోటో చూపించి, "ఈ అద్దంలో ఎవడయ్యా?" అన్నాను.

అతను చూసి తల దించుకున్నాడు. "ఎవడో కాదండి. మా అక్కండి."

"మీ అక్కెందుకు తీస్తుంది? అది ఎవరి గది?"

"అక్క గదేనండి. మీకు చెప్పొద్దని తులసిగారు మా చేత ఒట్టేయించుకున్నారండి."

"చెప్పేదాకా నేనిక్కణ్నించి లేవను."

అప్పుడు చెప్పాడు. మరుగుతున్న నూనె మూకుడు నీ కుడిచేతి మీద ఒలికిందని. ఆ ఇంటివాళ్లు ఆసుపత్రిలో కట్టు కట్టించి, పని చెయ్యలేవు కాబట్టి వెళ్లిపొమ్మన్నారని. అప్పటి నుంచి రూతు గదిలోనే ఉంటున్నావని. ఒక మధ్యాహ్నమంతా రూతు చేత బట్టలు మార్పించుకుని, ఫోటోలన్నీ తీయించి పెట్టుకున్నావని.

"ఆయనకి తెలిస్తే రమ్మంటారు, ఈ చేత్తో వెళ్లి మగ్గం మీద ఏం కూర్చుంటాను అన్నారండి" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ మెరూన్ చీర ఫోటో ఫోన్‌లో మళ్లీ తెరిచి చూశాను. అన్నాళ్లూ ఎండ చూశాను, గ్లాసు చూశాను, అద్దం చూశాను. నీ మొహం చూడలేదు. చెంపలు లోపలికి పోయాయి. నవ్వుతున్నావు గానీ కింది పెదవి పంటితో పట్టుకుని ఉన్నావు. పక్క సీటాయన "ఏమైందండీ?" అని అడిగాడు. ఏమీ లేదన్నాను.

అమ్మకీ హేమకీ నీ చెయ్యి సంగతి చెప్పాను, నా అనుమానం సంగతి చెప్పలేదు. అది నీకొక్కదానికే చెబుతున్నాను. రూతుతో ఫోన్లో మాట్లాడాను. టిక్కెట్టు ఆవిడా దానియేలూ కలిసి చూస్తామన్నారు. నీ చేత మగ్గం నేయించడానికి రమ్మనడం లేదు తులసీ. నువ్వు వచ్చెయ్. నన్ను తిట్టాలనుంటే ఎదురుగా కూర్చుని తిట్టు.

దానియేలు అంతా చెప్పాడని మాత్రం అనుకోవడం లేదు. వేళ్లు కదులుతున్నాయా అని అడిగితే "మానుతోందండి" అన్నాడే గానీ, కదులుతున్నాయనలేదు. నువ్వైతే కదులుతున్నాయనే అంటావు. నేను నమ్మను. ఈ ఉత్తరం అందిన రోజే వీడియోలోకి రా. కట్టు ఉంటే కట్టుతోనే, చెయ్యి నాకు చూపించు. ఎలా ఉన్నా సరే, చూస్తాను.

ఇట్లు,
నీ భర్త,
వీరవెంకటరమణ