నీ ఆకులో ఏం వడ్డించాలి

చెల్లీ,

ఈరోజు నీ ఐదో సంవత్సరీకం. కూర్మన్నపాలెం ఇంట్లో నీకు ఆకు వేశాం. పోయినవాళ్లకి ఇష్టమైనవి ముందు వడ్డించాలి కదా, నీకేం ఇష్టమో ఎవరికీ తెలియలేదు. విలేకరిని కదా, వార్త కోసం అడిగినట్టే ఒక్కొక్కరినీ అడిగాను. అమ్మ చెప్పలేకపోయింది, మీ ఆయన చెప్పలేకపోయాడు. చిన్నప్పుడు మన మేనత్త నిన్ను గుమ్మడికాయ అన్నప్పటి నుంచి నువ్వు అందరి ముందూ "ఆకలి లేదు" అనేదానివి. అదొక్కటే అందరికీ గుర్తుంది. చివరికి వండినవన్నీ కొంచెం కొంచెం వడ్డించాం.

భోజనాలకి నీ కూతురు నా పక్కన కూర్చుంది. నువ్వు పోయేనాటికి పాలు తాగే పిల్ల, ఇప్పుడు ఒకటో తరగతి. అది రెండో బూరె అందుకోబోతుంటే అత్త నవ్వింది.

"ఇక సాల్లేవే, నువ్వూ మీయమ్మలాగ గుమ్మడికాయవైపోతావ్!"

పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుని పొట్ట లోపలికి బిగించింది. అచ్చం నీలాగే. నిన్ను చూసి నేర్చుకునే వీలే దానికి లేదు.

"అత్తా, దాని ఒంటి గురించి మాటాడకు," అన్నాను. తర్వాత పిల్లని అడిగాను: "తిండి గురించి మీ టీచరేటి సెప్పింది?"

"పప్పూ ఆకుకూరా తింటే బాగా పరిగెత్తొచ్చంట. ఇంకా కావాలా అని మన కడుపునే అడగాలంట, పెద్దమ్మా."

"మరి అడుగు."

అది కళ్లు మూసుకుంది. "కావాలంట," అని బూరె తీసుకుంది. సగం తిన్నాక నీ ఆకు వైపు తిరిగింది.

"అమ్మా, నీకింకా ఆకలేత్తందా?"

అత్త లేచి, వంటింట్లోంచి ఇంకో బూరె తెచ్చి నీ ఆకులో వేసింది.

అక్క