కొయ్యబాతుకు పెట్టిన బొట్టు

ఏజాక్స్, కెనడా,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కయ్యకు వనజ నమస్కారాలు.

ఇక్కడ మేం ముగ్గురం ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వు, బావగారు, పిల్లలు కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? నీ బీపీ మాత్రలు రోజూ వేసుకుంటున్నావా, బాగుందనిపించిన రోజు మానేస్తున్నావా? నా గురించి మాత్రం బెంగ పెట్టుకోకు. తింటున్నాను, పనికి వెళ్తున్నాను, బాగానే ఉన్నాను.

వారం వారం ఫోనులో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోను చేస్తే నువ్వు స్పీకరు పెడతావు. నేను ఒక మాట అనేలోపు బావగారు ఒక సలహా, పక్కింటి సుగుణగారు ఒక సలహా ఇస్తారు. ఇది అలా చెప్పుకునే విషయం కాదు. అదీగాక నిన్ను కాసేపు తిట్టాలి. నువ్వు మధ్యలో అడ్డు రాకుండా తిట్టాలంటే కాగితమే నయం.

నా పనేమిటో ఎన్నిసార్లు చెప్పినా నువ్వు "పాత సామాన్ల కొట్టు" అనే అంటావు. సరే, అలాగే అనుకో. కాలేజీ ఆఫీసులో పదకొండేళ్ళు చేసి వచ్చినదాన్ని ఇక్కడ ఎక్కడికి వెళ్ళినా కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ ఉందా అని అడిగి పంపేశారు. చెప్పులు అరిగేలా తిరిగాక డయాన్ అనే ఆవిడ పని ఇచ్చింది. పాత వస్తువులు వేలం వేయడం ఆవిడ వ్యాపారం. వచ్చిన వస్తువును తూచి, ఫొటో తీసి, అదేమిటో, ఎప్పటిదో కాగితం మీద రాసిపెట్టడం నా పని. జనవరిలో పర్మనెంట్ చేస్తానని మాట కూడా ఇచ్చింది.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి కొయ్యబాతులు. నవ్వకు. వెనకటికి ఇక్కడి వేటగాళ్ళు చెక్కతో బాతులు చెక్కి, రంగులు వేసి, కడుపు కింద సీసం ముక్క కొట్టి సరస్సులో వదిలేవాళ్ళు. పైన ఎగిరే బాతులు వీటిని చూసి తమవాళ్ళే అనుకుని దిగేవి. దిగాక ఏమయ్యేదో నీకు చెప్పక్కర్లేదు. ఇప్పుడా కొయ్యబాతులను గాజు బీరువాల్లో దాచుకుంటున్నారు. కొన్నిటికి మనం ఊహించలేని ధర పలుకుతుంది.

వాటిని పోల్చడం నాకు తొందరగానే పట్టుబడింది. నాన్న మన దుగ్గిరాల యార్డులో పసుపు కొమ్ము విరిచి, విరిగిన చోట రంగు చూసి ధర చెప్పేవారు కదా, ఇదీ అలాంటిదే. చేతిలోకి తీసుకోగానే లోపల తొలిచారా లేదా అన్నది బరువును బట్టి తెలియాలి. తిరగేసి అడుగున కాల్చి వేసిన పొడి అక్షరాలు ఎవరివో చూడాలి. కళ్ళు గాజువా, ఉట్టి మేకులా చూడాలి. వేటగాడు మెడ పట్టుకుని ఎత్తేవాడు గనక అక్కడ రంగు అరగాలి. అరగకూడని చోట అరిగితే ఎవరో కావాలని గీకి పాతగా చేశారన్న మాటే. అన్నిటికన్నా ముఖ్యం ఆ రంగు. చెక్కినవాడు వేసిన రంగే మిగిలితే ధర ఆకాశంలో ఉంటుంది. తర్వాత ఎవరైనా ముచ్చటపడి మళ్ళీ పూస్తే అదే బాతును అడిగేవాడుండడు. తడిగుడ్డతో తుడవకండి, నూనె రాయకండి, ముట్టుకోకండి అని ఫోను చేసిన ప్రతివాళ్ళకీ చెప్పేదాన్ని నేనే. ఇది గుర్తు పెట్టుకో అక్కా, చెప్పేదాన్ని నేనే.

దసరాకు ముందురోజు వాల్టర్ గారు ఒక బాతును తెచ్చారు. ఇక్కడ ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టే పిలవాలి, నేను మాత్రం గారు అనకుండా ఉండలేను. ఎనభై దాటిన మనిషి. భార్య పోయింది. కూతురు జానెట్ కాల్గరీలో, అంటే ఇక్కడికి విమానంలో నాలుగు గంటల దూరంలో ఉంటుంది. స్టవ్ మీద గిన్నె పెట్టి మర్చిపోతున్నారని ఆ అమ్మాయి ఇల్లు అమ్మకానికి పెట్టింది. వేసవి వచ్చేలోపు ఆయనను వృద్ధుల హోమ్‌కు మారుస్తారు. అందుకే సామాను ఒక్కొక్కటే వదిలించుకుంటున్నారు.

అది ఆడబాతు, తల గోధుమరంగు. ఆయన దాన్ని రెండు చేతులతో నా బల్ల మీద పెట్టి, "మా నాన్న వంటింట్లో కూర్చుని దీనికి రంగు వేస్తుంటే నేను పక్కనే ఉన్నాను. ఆ తర్వాత దీని మీద ఎవరూ కుంచె పెట్టలేదు. పొద్దున ఏం తిన్నానో మర్చిపోతానేమో గానీ ఇది మర్చిపోను" అన్నారు. నేను అలాగే రాసుకున్నాను.

ఇక నీ సంగతికి వస్తాను. దసరా పొద్దున ఫోను చేసి నువ్వేమన్నావు? "పనిచేసే చోట అన్నిటికీ పసుపు, కుంకుమ పెట్టవే, పర్మనెంటు దానంతటదే అవుద్ది" అన్నావు. పైగా నువ్వే పట్టించి పంపిన పసుపు. నేను తెల్లారేసరికే వెళ్ళి, డయాన్ రాకముందే కాటాకు, కంప్యూటరుకు, భూతద్దానికి బొట్లు పెట్టాను. బల్ల మీద ఆ బాతు నన్నే చూస్తోంది. ఇదీ పనిముట్టే కదా, పాపం ఎన్నేళ్ళు ఆ చలినీళ్ళలో పనిచేసిందో అనిపించి, దాని నెత్తిన కూడా తడిపసుపు అద్ది పైన కుంకుమ పెట్టాను. దణ్ణం పెట్టుకుని, కారు చప్పుడు వినపడగానే అన్నిటినీ టిష్యూతో తుడిచేశాను. బాతు తల మీద కంటికి ఏమీ కనపడలేదు. అక్కా, ప్రపంచానికంతా ముట్టుకోవద్దని చెప్పే నాకు పసుపు కూడా రంగేనన్న ఆలోచనే రాలేదు. మనకు అది పసుపు, అంతే.

పది రోజులకు గ్లెన్ వచ్చాడు. ధర తేల్చేది అతనే. వాల్టర్ గారు కూడా చెవులారా వింటానని వచ్చి కూర్చున్నారు. గ్లెన్ బాతును తిప్పి తిప్పి చూసి, చాలా మంచి పని, మొదటి రంగులాగే ఉంది అన్నాడు. పెద్దాయన ముఖం వెలిగింది. తర్వాత గ్లెన్ లైట్లు ఆర్పి ఊదారంగు వెలుగు పడే టార్చి తీశాడు. ఆ వెలుగులో పాత రంగు ఒకలా, తర్వాత పూసింది ఒకలా కనపడతాయి. ఒళ్ళంతా మసకగా ఉన్న బాతు నెత్తిన నా వేలంత చుక్క పచ్చగా మెరిసిపోయింది!

"ఇక్కడ ఎవరో రంగు టచప్ చేశారు" అన్నాడు గ్లెన్.

"లేదు" అన్నారు వాల్టర్ గారు.

"ఎప్పుడో మీరే చేసుంటారు. ఇలా ఒకచోట ఉందంటే ఇంకెక్కడెక్కడ ఉందో" అన్నాడు గ్లెన్, మర్యాదగానే.

పెద్దాయన వంగి ఆ చుక్కను దగ్గరగా చూశారు. "నేనే చేశానేమో. జానెట్ చెబుతూనే ఉంది, నాకు గుర్తుండటం లేదని" అన్నారు. టోపీ పెట్టుకుని లేచి, బయటికి వెళ్ళబోయి గోడౌను తలుపు తీశారు. డయాన్ చెయ్యి పట్టుకుని కారు దాకా తీసుకెళ్ళింది.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. సిగ్గు విడిచి నీకు చెబుతున్నాను, తెరవలేదు. జనవరి కళ్ళ ముందు కనపడింది. ఇంటికొచ్చి మీ మరిదికి చెబితే, "ఎవరు చూశారే నిన్ను? పర్మనెంట్ అయ్యేదాకా గమ్మునుండు, నోరు మెదపమాకు" అన్నారు. అమ్మాయేమో "అమ్మా, యు పెయింటెడ్ ఎ డక్?" అని పడీ పడీ నవ్వింది. కడుపు మండిపోయింది నాకు. డబ్బు పోతే పోయింది అనుకోవచ్చు. ఆ మనిషికి ఖాయంగా గుర్తున్నది ఆ ఒక్కటే, దాన్ని కూడా నేను నా వేలితో చెరిపేశాను.

మర్నాడు వెళ్ళి డయాన్‌కు చెప్పేశాను. ఆవిడ తల పట్టుకుని గ్లెన్‌ను మళ్ళీ పిలిపించింది. అతను వచ్చి, తినే పొడి అలా మెరవదని నాకే పాఠం చెప్పబోయాడు. నేను నా లంచ్ డబ్బా తెచ్చి అతని ముందు పెట్టాను. దోసకాయ పప్పు. టార్చి వేసేసరికి పప్పు, డబ్బా, మూత, నా వేళ్ళు అన్నీ వెలిగిపోయాయి. గ్లెన్ టార్చి ఆర్పి, మళ్ళీ వేసి చూశాడు. డయాన్‌కు నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. మొదటి రంగే, నెత్తిన ఈమధ్య పడ్డ మరక ఉంది అని కాగితం మార్చి రాశారు. ఆ మరక తీయడానికి లేదట. తుడిస్తే కింది రంగు లేస్తుంది. ఎండలో పెడితే పసుపు వెలిసిపోతుంది, దాంతోపాటు బాతు రంగూ వెలిసిపోతుంది. నా పర్మనెంటు వేసవికి వాయిదా పడింది. తీసేయనందుకు సంతోషించమన్నారు మీ మరిది.

శనివారం మీ మరిది చేతే కారు డ్రైవ్ చేయించి వాల్టర్ గారి ఇంటికి వెళ్ళాను. తలుపు దగ్గరే అంతా చెప్పేశాను. ఆయన ముఖం ఎర్రబడింది. "నన్ను అడక్కుండా మా నాన్న వేసిన రంగు మీద చెయ్యి పెట్టావా?" అన్నారు. పెట్టాను అన్నాను. తిట్టారు, బాగా తిట్టారు. ఆయన కోపంలో అన్యాయమేమీ లేదు. అంతా అయ్యాక కాస్త నిదానించి, "అయితే నేను వేయలేదు" అన్నారు. వేయలేదన్నాను. వెంటనే కూతురికి ఫోను కలిపి నా చేతికిచ్చారు. "చెప్పు. నేను వేయలేదని దానికి చెప్పు." తన ముందే ఆ అమ్మాయికి మూడుసార్లు చెప్పించారు. ఆ అమ్మాయి థాంక్యూ అంది. ఇల్లు అమ్ముడుపోయింది, అందులో మార్పేమీ లేదని కూడా అంది.

తప్పు ఒప్పుకుంటే తీరిపోతుందనుకున్నాను అక్కా. సోమవారం తొమ్మిదింటికి కొట్టుకు ఫోను వచ్చింది, వాల్టర్ గారు. "ఆ బాతు నెత్తిన రంగు నేనే వేశానా? నాకు గుర్తు రావడం లేదు" అన్నారు. శనివారం తిట్టింది పోయింది, గ్లెన్ అన్న మాట మాత్రం ఆయనలో ఉండిపోయింది. మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. మళ్ళీ కొత్తగా కోపం వచ్చింది, మళ్ళీ తిట్టారు. మంగళవారం మళ్ళీ ఫోను. ఉన్నదున్నట్టు పెద్ద అక్షరాలతో రాసి, వెళ్ళి ఫ్రిజ్ మీద అంటించి వచ్చాను. చదువుతారట. చదివి, ఈ రాసిన మనిషి నోటితో వినాలని ఫోను చేస్తారు. బాతును అమ్ముతానని ఒకరోజు, అమ్మనని ఒకరోజు చెబుతారు. మూడు వారాల నుంచీ ఇదే వరస. డయాన్ గడియారం చూసి, తొమ్మిది కాగానే ఫోను నా వైపు జరుపుతోంది. ఆదివారం కొట్టు ఉండదు గనక నా సెల్ నంబరు ఇచ్చాను. నాకు విసుగు, అక్కా. నిజంగా విసుగు. చేసిన తప్పు ఒక్కటి, తిట్లు తినేది రోజూ. ఒక్కోసారి ఫోను తీసి విసిరికొట్టాలనిపిస్తుంది.

ఇక్కడ చలి మొదలైపోయింది. నాలుగున్నరకే చీకటి పడుతోంది. బస్సు దిగి ఇంటికి నడిచే ఆ పది నిమిషాల్లో మీరంతా గుర్తొస్తారు. కరివేపాకు కొనాలంటే ప్రాణం పోతోంది, ఎవరైనా వస్తుంటే పొడి కొట్టించి పంపు. కందిపొడి కూడా. పసుపు మాత్రం పంపకు, ఉన్నదే నాకు చాలు. బావగారికి, సుగుణగారికి నా నమస్కారాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నీకు నా కోసం ఏదైనా దేవుణ్ణి అడగాలనిపిస్తే పర్మనెంటు అడగొద్దు. పొద్దున తొమ్మిదింటికి నాకు కాస్త ఓపిక ఇమ్మని అడుగు. నిన్ను తిట్టినందుకు ఏమీ అనుకోకు. చేసింది నేనేనని నాకు తెలుసు.

ఇవాళా చేశారు. ఇవాళా అంతా చెప్పాను, ఇవాళా తిట్టారు. చివరికి ఎప్పుడూ అడిగేదే అడిగారు. "అయితే నేనేమీ మర్చిపోలేదన్న మాట" అన్నారు. ఇన్నాళ్ళూ ఆయనకు నిజమే చెబుతూ వస్తున్నాను గదా అక్కా, ఈ ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం రోజూ "లేదు వాల్టర్ గారూ, మీరేమీ మర్చిపోలేదు" అంటాను.

నీ ఆశీస్సులు కోరే చెల్లెలు,
వనజ